తోడు బిళ్లలో దాగిన రుచి: ఈశాన్య కొండల బియ్యపు బీరు చెప్పే శాస్త్రం

తెల్లవారుజామున చెట్టు మీద నుంచి దించిన తాటికల్లు తియ్యగా ఉంటుంది. ఎండ ఎక్కేసరికి నురగ కడుతుంది. మధ్యాహ్నానికి ఘాటు వస్తుంది. మర్నాటికి పులిసిపోయి నోట్లో పెట్టుకోలేనట్టు తయారవుతుంది. కల్లుకు వయసు పనికిరాదన్నది తెలుగు పల్లెల్లో అందరికీ తెలిసిన సంగతే.

అస్సాంలోని డిమా హసావో జిల్లా కొండల్లో ఇందుకు పూర్తిగా భిన్నమైన పానీయం ఒకటి ఉంది. అక్కడి డిమాసా తెగవారు జిగురు బియ్యంతో ఇంట్లో తయారుచేసుకునే దాని పేరు జుడిమా. ‘జు’ అంటే మద్యం, ‘డిమా’ అంటే డిమాసాలది అని అర్థం. తయారీకి వారం రోజులు చాలు. కానీ జాగ్రత్తగా నిల్వ చేస్తే ఏళ్ల తరబడి ఉంటుంది. 2021లో దీనికి భౌగోళిక గుర్తింపు (జీఐ) లభించింది. ఈశాన్య రాష్ట్రాల సంప్రదాయ మద్యాల్లో ఈ గుర్తింపు పొందిన మొదటిది ఇదే.

రెండూ ఇళ్లలో, తోటల్లో పుట్టినవే. రెండింటినీ పులియబెట్టేది కంటికి కనబడని సూక్ష్మజీవులే. మరి ఒకటి ఒక్క రోజులో పాడైపోతే, మరొకటి ఏళ్లు ఎలా నిలుస్తుంది? ఇంట్లో తయారయ్యే బీరుకు రుచి ఎక్కడి నుంచి వస్తుంది? జవాబు కోసం ముందు బియ్యపు గింజ లోపలికి వెళ్లాలి.

పిండి నుంచి చక్కెరకు మూడు దారులు

కల్లులో ఉన్నది చెట్టు తయారుచేసి పెట్టిన చక్కెర. ఈస్టు దాన్ని నేరుగా తినగలదు. అందుకే లొట్టి కట్టిన కొద్ది గంటల్లోనే పులియడం మొదలవుతుంది. నీరా కోసం, తాటిబెల్లం కోసం గీసేవారు లొట్టి లోపల సున్నం పూయడం దీన్ని ఆపడానికే. సున్నం క్షారగుణం సూక్ష్మజీవుల జోరును తగ్గిస్తుంది.

బియ్యం, బార్లీ, రాగుల సంగతి వేరు. వాటిలో ఉన్నది చక్కెర కాదు, పిండి పదార్థం. వేలాది గ్లూకోజ్ అణువులు ఒకదానికొకటి గొలుసులా అతుక్కుంటే పిండి పదార్థం అవుతుంది. ఆ గొలుసును తెంచే ఎంజైములు మామూలు బీరు ఈస్టుకు లేవు. కాబట్టి గింజల నుంచి బీరు చేయాలంటే ముందుగా ఎవరో ఒకరు ఆ గొలుసులను తెంచి పెట్టాలి. దీనికి మనుషులు ప్రపంచమంతటా ప్రధానంగా మూడు దారులు కనిపెట్టారు.

మొదటిది మొలకెత్తించడం. మొలకెత్తే గింజ తన ఆహారం కోసం తానే అమైలేజ్ అనే ఎంజైమును తయారుచేసుకుంటుంది. ఐరోపా బార్లీ బీరు దీని మీదే ఆధారపడింది. పసిపిల్లలకు రాగి మాల్ట్ జావ కాచే తల్లులకు ఈ ఎంజైము పరిచయమే. మొలకల పిండితో కాచిన జావ మామూలు పిండితో కాచినదానికన్నా పలుచగా ఉంటుంది, కాస్త తియ్యగానూ ఉంటుంది. నాగాలాండ్‌లో అంగామీలు చేసే ‘జుథో’ కూడా మొలకెత్తిన వడ్లతో చేసే బీరే.

రెండోది నమలడం. మనిషి లాలాజలంలోనూ అమైలేజ్ ఉంది. దక్షిణ అమెరికా ఆండీస్ పర్వత ప్రాంతాల్లో మొక్కజొన్నను నమిలి ఉమ్మి ‘చిచా’ అనే పానీయం చేసే పద్ధతి ఉండేది.

మూడోది బూజును పనిలో పెట్టడం. చైనా, జపాన్, కొరియా, హిమాలయ ప్రాంతాలతోపాటు మన ఈశాన్య రాష్ట్రాలు ఎక్కువగా ఎంచుకున్న దారి ఇది. జుడిమా కూడా ఈ కోవలోదే.

తోడు పెట్టే బిళ్ల

పాలను పెరుగు చేయడానికి నిన్నటి పెరుగు చుక్క వేస్తారు. దాన్నే తోడు అంటాం. బియ్యపు బీరుకూ ఒక తోడు ఉంది. అది చుక్కగా కాక బిళ్లగా ఉంటుంది. డిమాసాలు దాన్ని ‘హుమావో’ అంటారు. మణిపూర్‌లో ‘హమేయి’, సిక్కింలో ‘మర్చా’, అస్సాం ఆహోంలలో ‘సాజ్ పిఠా’, జార్ఖండ్‌లో హండియాకు వాడేది ‘రాను’. పేర్లు వేరైనా తయారీ సూత్రం ఒక్కటే. నానబెట్టిన బియ్యాన్ని దంచి, అందులో వేర్లు, ఆకులు, బెరడు వంటివి కలిపి ముద్ద చేస్తారు. చిన్న బిళ్లలుగా తట్టి, పైన పాత బిళ్లల పొడి చల్లుతారు. గడ్డి లేదా ఆకుల మధ్య రెండు మూడు రోజులు ఉంచి, తర్వాత ఆరబెడతారు.

పాత పొడి చల్లడంలోనే అసలు కిటుకు ఉంది. నిన్నటి పెరుగు ఇవాళ్టి పాలలోకి వెళ్లినట్టే, తరతరాలుగా ఎంపికైన సూక్ష్మజీవుల సముదాయం పాత బిళ్ల నుంచి కొత్త బిళ్లలోకి వెళ్తుంది. బాగా కుదిరిన బిళ్లనే మళ్లీ వాడతారు, కుదరనిదాన్ని పారేస్తారు. సూక్ష్మదర్శిని లేని కాలంలోనే, వంటింట్లోనే ఈ ఎంపిక జరుగుతూ వచ్చింది.

సిక్కిం మర్చాపై జ్యోతిప్రకాశ్ తమాంగ్ వంటి సూక్ష్మజీవ శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా పరిశోధన చేశారు. ఆ బిళ్లల్లో మూడు రకాల జీవులు కలిసి ఉంటాయని తేలింది. మ్యూకర్, రైజోపస్ వంటి బూజులు, సాకరోమైకాప్సిస్, సాకరోమైసిస్ వంటి ఈస్టులు, పీడియోకాకస్ వంటి లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా. అస్సాం వ్యవసాయ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2016లో సాజ్ పిఠా సూక్ష్మజీవుల డీఎన్ఏను మొత్తంగా చదివి చూసినప్పుడు కూడా బూజు, ఈస్టు, బ్యాక్టీరియాల ఇలాంటి సముదాయమే కనిపించింది.

వీటి మధ్య పని విభజన ఉంది. బూజు తన పోగులను అన్నం మెతుకుల్లోకి చొప్పించి పిండిని చక్కెరగా విడగొడుతుంది. ఈస్టు ఆ చక్కెరను తిని ఆల్కహాల్, కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. లాక్టిక్ బ్యాక్టీరియా ఆమ్లాన్ని విడుదల చేసి, చెడ్డ బ్యాక్టీరియాకు అక్కడ చోటు లేకుండా చేస్తుంది.

బార్లీ బీరులో ఈ పనులు ఒకదాని తర్వాత ఒకటి జరుగుతాయి. ముందు మొత్తం చక్కెర తయారవుతుంది, ఆ తర్వాతే ఈస్టు వేస్తారు. బియ్యపు బీరులో రెండూ ఒకే కుండలో ఒకేసారి సాగుతాయి. చక్కెర తయారవుతున్న కొద్దీ ఖర్చవుతుంది. దాంతో ఈస్టు ఒక్కసారిగా చిక్కటి పాకంలో పడి ఉక్కిరిబిక్కిరి కాదు. మామూలు బార్లీ బీరులో ఆల్కహాల్ 4 నుంచి 6 శాతం దగ్గర ఆగితే, ఈ పద్ధతిలో జపాన్ సాకే 20 శాతం దాకా చేరగలగడానికి కారణం ఇదే. 2024లో జీఐ పొందిన మూడు బోడో బియ్యపు బీర్లలో ఒకటైన ‘జౌ గ్వరాన్’లో ఆల్కహాల్ సుమారు 16 శాతం ఉంటుందని చెబుతారు.

బియ్యం మారితే రుచి మారుతుంది

దినుసుల్లో మొదటి మాట బియ్యానిదే. జుడిమాకు జిగురు బియ్యం వాడతారు. పిండి పదార్థంలో రెండు రకాల గొలుసులు ఉంటాయి. కొమ్మలు లేనిది అమైలోజ్, కొమ్మలుగా చీలినది అమైలోపెక్టిన్. మనం రోజూ తినే సోనా మసూరి వంటి బియ్యంలో రెండూ ఉంటాయి. జిగురు బియ్యంలో దాదాపు అంతా అమైలోపెక్టినే. చల్లారిన అన్నం గట్టిపడటానికి ముఖ్య కారణం అమైలోజ్ గొలుసులు మళ్లీ దగ్గరగా పేరుకోవడం. జిగురు అన్నం చల్లారినా మెత్తగానే ఉంటుంది కాబట్టి బూజు ఎంజైములకు సులువుగా లొంగుతుంది. ఈస్టు తినేయగా కొంత చక్కెర మిగిలిపోవడం వల్ల పానీయానికి తీపి వస్తుంది.

రెండో దినుసు బెరడు. జుడిమాలో ‘థెంబ్రా’ అనే మొక్కను వాడతారు. ఇది తుమ్మ కుటుంబానికి చెందిన ముళ్ల తీగ, శాస్త్రీయ నామం అకేసియా పెన్నాటా. జుడిమాకు జీఐ రావడంలో దీని ప్రత్యేకతకూ పాత్ర ఉంది. మిగతా చోట్ల మిగతా మొక్కలు. మణిపూర్ హమేయిలో ‘యాంగ్లీ’ అనే మరో తీగ బెరడు కలుపుతారు. సిక్కిం మర్చాలో అల్లం, ఎండుమిర్చితోపాటు మన ఆయుర్వేద దుకాణాల్లో దొరికే చిత్రమూలం వేరు కూడా వేస్తారు.

ఈ మొక్కలు చేసే పనులు ప్రధానంగా మూడు. కొన్ని వాటి మీద సహజంగా ఉండే ఈస్టును బిళ్లలోకి తెస్తాయి. కొన్ని అక్కరలేని బ్యాక్టీరియాను అణచివేస్తాయి. ఇంకొన్ని టానిన్ల వంటి పదార్థాలతో వగరును, సువాసనను ఇస్తాయి. ఐరోపా బీరులో హాప్స్ పువ్వులు చేసేదీ ఇలాంటి పనే. అవి చేదును ఇస్తాయి, లాక్టిక్ బ్యాక్టీరియాను అదుపులో ఉంచుతాయి. ఖండాలు వేరైనా, మొక్కల రసాయనాలను రుచికీ రక్షణకూ ఒకేసారి వాడుకోవాలన్న ఆలోచన రెండు చోట్లా పుట్టింది.

అస్సాంలోని మిసింగ్ తెగవారు చేసే ‘అపాంగ్’ మరో ఉదాహరణ. అందులో రెండు రకాలున్నాయి. నోగిన్ అపాంగ్ తెల్లగా ఉంటుంది. పోరో అపాంగ్ కోసం ఊకను, గడ్డిని కాల్చి ఆ నల్లటి బూడిదను అన్నంలో కలుపుతారు. అందుకే ఆ పానీయం ముదురు రంగులో ఉండి, పొగ వాసన పలుకుతుంది. బూడిదకు క్షారగుణం ఉంది కాబట్టి పులుపు కొంత తగ్గుతుంది. అన్నం, తోడు ఉన్నవే. ఒక్క దినుసుతో రెండు వేర్వేరు పానీయాలు తయారయ్యాయి.

వేడి, గాలి, చేతి అంచనా

మంచి దినుసులున్నా పని చెడిపోవచ్చు. వేడివేడి పాలలో తోడు వేస్తే పెరుగు తోడుకోదు. పూర్తిగా చల్లబడిన పాలలో వేస్తే ఆలస్యమవుతుంది. బియ్యపు బీరుకూ అదే నియమం. ఉడికిన అన్నాన్ని చాప మీద పరిచి, గోరువెచ్చగా అయ్యేదాకా ఆరబెట్టి అప్పుడు బిళ్లల పొడి కలుపుతారు. 50 డిగ్రీల సెల్సియస్ దాటిన అన్నంలో కలిపితే చాలా ఈస్టులు బతకవు. అన్నంలో తడి ఎక్కువైతే బూజుకు గాలి అందక, బ్యాక్టీరియాది పైచేయి అవుతుంది. అందుకే అన్నాన్ని జావలా కాక పొడిపొడిగా వండుతారు.

ఆ తర్వాత రుచిని నిర్ణయించేది ఉష్ణోగ్రత. ఈస్టు ఆల్కహాల్ ఒక్కదాన్నే తయారుచేయదు. అరటిపండు, అనాస, యాపిల్ వాసనలను గుర్తు చేసే ఎస్టర్లనూ తయారుచేస్తుంది. గొంతులో మంట పుట్టించే, ఘాటు వాసన గల పెద్ద ఆల్కహాల్ అణువులనూ తయారుచేస్తుంది. వేడి ఎక్కువైతే ఈస్టు తొందరపడి ఈ రెండో రకాన్ని ఎక్కువగా వదులుతుంది. చల్లగా ఉంటే పని నెమ్మదిస్తుంది, ఎగిరిపోయే సువాసనలు ద్రవంలోనే నిలుస్తాయి. చలికాలంలో పులిసే బీరుకు ఎక్కువ రోజులు పడుతుంది, కానీ రుచి నెమ్మదిగా, సున్నితంగా వస్తుంది. ఇంట్లో బార్లీ బీరు చేసే పాశ్చాత్య దేశాల ఔత్సాహికులు కూడా మొదట నేర్చుకునే పాఠం ఇదే. ఖరీదైన దినుసులు కొనేకన్నా, పులిసే పాత్రను చల్లటి మూలలో పెట్టడం వల్ల కలిగే మేలు ఎక్కువ.

గాలి విషయంలో లెక్క రెండు దశలుగా మారుతుంది. బూజు పెరగడానికి మొదట్లో గాలి కావాలి. ఈస్టు జోరందుకున్నాక గాలి శత్రువు. ఆల్కహాల్‌ను వెనిగర్‌గా మార్చే అసిటిక్ బ్యాక్టీరియాకు ఆక్సిజన్ తప్పనిసరి. మూత తెరిచి ఉంచిన కల్లు మర్నాటికి పులిసేది దానివల్లే.

పులిసే కుండ తనను తాను కొంత కాపాడుకుంటుంది కూడా. లెక్క ప్రకారం 180 గ్రాముల గ్లూకోజ్ పూర్తిగా పులిస్తే 92 గ్రాముల ఆల్కహాల్, 88 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వస్తాయి. గాలికన్నా బరువైన ఆ వాయువు కుండలో పైకి పేరుకుని ఆక్సిజన్‌ను బయటకు నెడుతుంది. పులియడం ఆగిపోయాక ఆ రక్షణ ఉండదు. అప్పుడు పాత్రను నిండుగా నింపి, గట్టిగా మూత బిగించాల్సిందే.

వయసు ఏం చేస్తుంది?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రావచ్చు. కల్లులో ఆల్కహాల్ తక్కువ, గాలి ఎక్కువ, బతికి ఉన్న బ్యాక్టీరియా ఇంకా ఎక్కువ. నిల్వ ఉంచే బియ్యపు పానీయంలో ఆల్కహాల్ హెచ్చు, ఆమ్లం తగినంత, గాలి దాదాపు శూన్యం. ఆ పరిస్థితుల్లో చాలా సూక్ష్మజీవులు బతకలేవు. జీవుల పని ముగిశాక రసాయన చర్యల పని మొదలవుతుంది.

మిగిలిన చక్కెరలు, బియ్యపు ప్రొటీన్ల నుంచి వచ్చిన అమైనో ఆమ్లాలు మెల్లగా కలుస్తాయి. రొట్టె కాలినప్పుడు, ఉల్లిపాయ ఎర్రగా వేగినప్పుడు నిమిషాల్లో జరిగే మెయిలార్డ్ చర్య ఇక్కడ నెలలు, ఏళ్లు తీసుకుంటుంది. రంగు గడ్డిపసుపు నుంచి తేనె రంగుకు, ఆపై గోధుమ రంగుకు మారుతుంది. ఆమ్లాలు, ఆల్కహాల్ కలిసి కొత్త ఎస్టర్లు ఏర్పడతాయి. కొన్ని పాత ఎస్టర్లు విడిపోతాయి. తాజా పానీయంలోని కరకుదనం తగ్గుతుంది.

జపాన్‌లో ఏళ్లపాటు నిల్వ చేసిన సాకేలో శాస్త్రవేత్తలు గుర్తించిన ముఖ్యమైన వాసన అణువు సోటోలోన్. ఇది కొద్దిగా ఉంటే మాడీమాడని పంచదార పాకం వాసన వస్తుంది. ఎక్కువైతే మెంతుల వాసన వస్తుంది. ఆ పోలిక యాదృచ్ఛికం కాదు. మన పోపులో వేగే మెంతుల వాసనకు మూలం కూడా ఈ అణువే.

అన్ని బీర్లకూ వయసు మేలు చేయదు. మామూలు లేత రంగు బార్లీ బీరు నెలలు గడిచేకొద్దీ తడిసిన అట్టపెట్టె వాసన కొడుతుంది. గింజల్లోని కొవ్వు ఆమ్లాలు ఆక్సీకరణ చెంది ఏర్పడే నోనీనాల్ అనే అణువు అందుకు ఒక కారణం. సీసాపై వెలుతురు పడితే హాప్స్ పదార్థాలు విరిగి దుర్వాసన వస్తుంది. బీరు సీసాలు ముదురు గోధుమ రంగులో ఉండేది ఇందుకే. బియ్యం విషయంలో కొవ్వు ఎక్కువగా ఉండేది తవుడులో. దంపుడుతో తవుడు ఎంత పోతే ఆ ముప్పు అంత తగ్గుతుంది. హాప్స్ లేవు కాబట్టి వెలుతురు దుర్వాసన బెడదా లేదు. ఆల్కహాల్, తీపి, ఆమ్లం బలంగా ఉన్న పానీయమే వయసును తట్టుకుంటుంది. అవి లేనిదాన్ని తాజాగా తాగడమే మేలు. చల్లటి, చీకటి చోటు మాత్రం రెండింటికీ అవసరం. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే చాలా రసాయన చర్యల వేగం సుమారు రెట్టింపవుతుందన్న నియమం నిల్వ కుండకూ వర్తిస్తుంది.

బిళ్ల పోతే ఏం పోతుంది?

ఈ జ్ఞానం ఎక్కువగా మహిళల చేతుల్లో ఉంది. ఏ తీగ బెరడు ఎప్పుడు తీయాలి, ఏ బిళ్ల కుదిరింది, ఏది పారేయాలి అన్నది తల్లి నుంచి కూతురికి చేతిపనిగా అందింది. చదువులకు, ఉద్యోగాలకు పిల్లలు పట్టణాలకు వెళ్తే ఆ గొలుసు తెగుతుంది. బజారులో దొరికే బేకరీ ఈస్టు, పంచదార వేస్తే ఆల్కహాల్ త్వరగానే వస్తుంది. కానీ బూజు, బ్యాక్టీరియా, అడవి ఈస్టులు కలిసి ఇచ్చే రుచి రాదు. ఒక ఇంటి బిళ్ల ఆగిపోతే, ఆ ఇంట తరతరాలుగా ఎంపికైన సూక్ష్మజీవుల సముదాయమూ పోతుంది. దాన్ని తిరిగి ఎలా కూర్చాలో ఏ పుస్తకంలోనూ ఉండదు.

జీఐ గుర్తింపు ఒక దారి చూపింది. అది మరో చిక్కునూ తెచ్చింది. దూరప్రాంతాలకు పంపే సీసాలో సూక్ష్మజీవులు బతికి ఉంటే, వాయువు పెరిగి మూత ఎగిరిపోవచ్చు, రుచి మారిపోవచ్చు. సుమారు 60 నుంచి 65 డిగ్రీల వేడి చూపితే అవి ఆగిపోతాయి. లూయీ పాశ్చర్‌కు దాదాపు మూడు వందల ఏళ్ల ముందే జపాన్ సాకే తయారీదారులు ఈ పని చేశారు. అయితే వేడితో తాజా సువాసనలు కొన్ని పోతాయి. నిల్వ కావాలా, తాజాదనం కావాలా అన్న ఈ బేరం ప్రతి చిన్న తయారీదారుకూ ఎదురవుతుంది. శుభ్రత మరో ముఖ్యమైన అంశం. సరిగా ఆరని బిళ్లపై విషాలు తయారుచేసే బూజులు చేరే ప్రమాదం ఉంది. ఇంట్లో కంటితో, ముక్కుతో చేసే పరీక్షకు తోడుగా ప్రయోగశాల పరీక్ష కూడా కావాలి.

ఇంటి బీరునూ కల్తీ సారానూ ఒకే గాటన కట్టడం మరో పొరపాటు. 2019 ఫిబ్రవరిలో అస్సాంలోని గోలాఘాట్, జోర్హాట్ జిల్లాల్లో కల్తీ సారా 150 మందికి పైగా ప్రాణాలు తీసింది. మృతుల్లో ఎక్కువమంది తేయాకు తోటల కార్మికులు. ఇలాంటి దుర్ఘటనల్లో ప్రాణాలు తీసేది సాధారణంగా మిథనాల్. పులియడంలో మిథనాల్ ప్రధానంగా పండ్లలోని పెక్టిన్ నుంచి వస్తుంది. బియ్యంలో పెక్టిన్ చాలా తక్కువ కాబట్టి, కేవలం పులియబెట్టిన బియ్యపు బీరులో ప్రాణాంతకమైనంత మిథనాల్ పుట్టదు. ఎవరో కలిపితేనే ఆ స్థాయికి చేరుతుంది.

అంతమాత్రాన ఇంటి బీరు హాని లేనిదని కాదు. ఏ మోతాదులో తాగినా ఆల్కహాల్ ఆరోగ్యానికి సురక్షితం అనలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టం చేసింది. కొన్ని రాష్ట్రాల నిబంధనలు గిరిజన సముదాయాలకు సొంత వాడకం వరకు మినహాయింపు ఇచ్చినా, మిగతావారు లైసెన్సు లేకుండా ఇంట్లో మద్యం తయారుచేయడం చాలా చోట్ల నేరం.

అయితే తోడు బిళ్ల విలువ మద్యం వరకే పరిమితం కాదు. పిండిని చక్కెరగా విడగొట్టే బూజులు, ఆమ్లంలో బతికే బ్యాక్టీరియా, ఎస్టర్ల పరిమళం ఇచ్చే ఈస్టులు ఆహార పరిశ్రమకు, ఎంజైముల తయారీకి పనికొచ్చే సంపద. వాటిని సేకరించి, గుర్తించి, సూక్ష్మజీవుల భాండాగారాల్లో భద్రపరిచే పనిలో పరిశోధకులు ఉన్నారు. గాజు గొట్టంలో చల్లగా దాచిన సూక్ష్మజీవి బతికే ఉంటుంది. కానీ ఏ అన్నంలో, ఎంత వెచ్చదనంలో, ఏ బెరడుతో కలపాలో దానికి తెలియదు. అది తెలిసిన చేతులు కూడా ఉంటేనే తోడు కుదురుతుంది.

ఇంట్లో తోడు అయిపోతే పక్కింటి నుంచి చెంచాడు పెరుగు తెచ్చుకోవడం మనకు అలవాటే. అడిగేందుకు పక్కింట్లోనూ తోడు లేని రోజు రాకూడదన్నదే డిమా హసావో కొండల్లో ఇప్పుడున్న ఆందోళన.